ఐదు నిమిషాల ఆదా

నగర జీవికి పొద్దున్నే టిఫిన్ చేసుకునే తీరిక లేదు. అందుకని రాత్రి పదకొండింటికి వంటింట్లో దూరుతున్నాడు. గాజు సీసాలో అరకప్పు ఓట్స్, అరకప్పు పాలు, రెండు చెంచాల పెరుగు, చెంచాడు చియా గింజలు వేసి కలిపి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెడతాడు. తెల్లారేసరికి టిఫిన్ సిద్ధం. ఈ ఘనకార్యం పేరు ఓవర్‌నైట్ ఓట్స్. పొయ్యి వెలిగించే పని లేదు గనక ఐదు నిమిషాలు ఆదా. రాత్రి దానిమ్మ గింజలు పేర్చి, మూత తీసి ఒకటి, పెట్టి ఒకటి ఫొటోలు తీయడానికి పట్టిన ముప్పావుగంట మాత్రం ఏ లెక్కలోకీ రాదు.

ఇదేదో నిన్న మొన్న కనిపెట్టిందని ఆయన నమ్మకం. జ్యూరిక్‌లో మాక్స్ బిర్షర్ బెన్నర్ అనే డాక్టరు 1900 ప్రాంతంలోనే తన రోగులకు ఓట్స్ రాత్రంతా నానబెట్టి పెట్టాడు. కాకపోతే ఆ డాక్టరు మనిషికి వేసిన ఓట్స్ ఒక్క చెంచా, అందులోకి తురిమింది నిండు యాపిల్. యాపిల్‌ది పాట, ఓట్స్‌ది పక్కవాద్యం. మనవాడు పక్కవాద్యాన్ని వేదికెక్కించి, యాపిల్‌ని నాలుగు ముక్కలు చేసి అలంకారానికి వాడుకున్నాడు. పెందలాడే పడుకోవాలి, పెందలాడే లేవాలి అని కూడా ఆ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ భాగం మన వంటింటి దాకా రాలేదు.

ఇక ఆరోగ్యం. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు రోజుకు 3 గ్రాములు అందితే చెడు కొలెస్ట్రాల్ కాస్త తగ్గుతుంది. 40 గ్రాముల ఓట్స్‌లో ఉండేది ఇంచుమించు అందులో సగం. మిగతా సగానికి మనవాడు తేనె, చాక్లెట్ పొడి, వేరుశెనగ వెన్న దట్టిస్తాడు. డబ్బా మీది గుండె బొమ్మ అన్నీ చూసుకుంటుందని ధీమా.

"అమ్మా, రాత్రే ప్లాన్ చేసుకుంటే పొద్దున ఎంత హాయో చూశావా!" అన్నాడో రోజు.

"చూశాను నాన్నా. ముప్ఫై ఏళ్లు పప్పు నానేసి, రాత్రికి రుబ్బి గిన్నెకెత్తాను. పొద్దున్నే మీరు నాలుగేసి అట్లు లాగించి, అల్లప్పచ్చడి చాల్లేదని అలిగి వెళ్లేవారు. ప్లానన్న మాట ఒక్కడి నోటా రాలేదురా."

ఆయన ఫోన్ మోగింది. అదృష్టవంతుడు.

ఇంతకీ ఆదా అయిన ఐదు నిమిషాలు ఏమైనట్టు? బాత్‌రూమ్‌లో ఫోను తినేసింది. ఖాళీ సీసా సింకులో చేరింది. మధ్యాహ్నానికి అంచున అంటుకున్న ఓట్స్ ఎండి సిమెంటు పూతయింది. బ్రష్షు ఇరుకు మెడలో దూరదు, వేళ్లు అడుగుకి అందవు. వేణ్ణీళ్లు పోసి నానబెట్టి, చెంచా కాడతో గీకి గీకి వదిలించేది ఇల్లాలు. ఆ పావుగంట ఎవరి ఖాతాలోదో ఏ వీడియోలోనూ చెప్పరు.

పథకం మంచిదే, కాదనను. చిన్న సవరణ చాలు: ఎవరి సీసా వాళ్లే తోముకోవాలి. ఈ నిబంధన అమల్లోకి వచ్చిన మర్నాడే సందు చివర ఇడ్లీ బండి దగ్గర నిలబడి చూడండి. ఆరోగ్యస్పృహ ఉన్నవాళ్లంతా అక్కడే వరసలో కనిపిస్తారు.