చమ్కీ అంటని అంగీ

ఐదు వారాల పాటు రోజూ పొద్దున తొమ్మిదిన్నరకల్లా టిఫిన్ డబ్బా పట్టుకుని, లేని ఉద్యోగానికి వేళ తప్పకుండా వెళ్లొచ్చాను. ఉన్న ఉద్యోగానికి ఏనాడూ అంత వేళకు పోయింది లేదు.

సూరత్ రింగ్ రోడ్డులో ఒక చీరల దుకాణంలో పన్నెండేళ్లు లెక్కలు రాశాను. ఒకరోజు దుకాణం మూసేశారు. సేఠ్ నెలన్నర జీతం చేతిలో పెట్టి, అల్లం దట్టించిన టీ తాగించి పంపాడు. నేనొచ్చేసరికి మా లింబాయత్ గల్లీలో అందరూ గడపల దగ్గరే కూర్చుని ఉన్నారు. సగం మంది సిరిసిల్ల వాళ్లు, మిగతా సగం వాళ్ల వియ్యంకులు. వీళ్ల ముందు కొలువు పోయిందని చెప్పుకోవడమా? తల వంచుకుని ఇంట్లోకి దూరాను. ఇంట్లోనూ చెప్పలేదు.

మరి డబ్బా పట్టుకుని ఎక్కడికి పోవాలి? ఘోడ్‌దోడ్ రోడ్డులో కార్పొరేషన్ వారి నర్మద్ గ్రంథాలయం ఉంది. నీడ ఉంటుంది, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఆ కవి నర్మద్ ఈ ఊరివాడే. 1858లో పంతులు ఉద్యోగం వదిలేసి, ఇక కలాన్నే నమ్ముకుంటానని ఒట్టు పెట్టుకున్నాడు. 24 ఏళ్లు లాక్కొచ్చి, చేతిలో డబ్బు లేక 1882లో మళ్లీ కొలువులో చేరాడు. అది చదివాక నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఆయన లెక్కన నాకింకా 23 ఏళ్ల 11 నెలల గడువుంది!

ఊరికే కూర్చోలేదు, ఉద్యోగం వెతికాను. ఎలా వెతికానో చెప్పడానికే ఇప్పుడు సిగ్గు.

జిరాక్స్ దుకాణం కుర్రాడి చేత నాలుగు పేజీల బయోడేటా చేయించాను. వాడు అంతకు ముందెవరికో చేసినదాని మీదే నా పేరు కొట్టాడు. నా పదో తరగతి మార్కులు, మా నాయన పేరు, పెళ్లయిన సంగతి సరిగ్గానే పడ్డాయి. చివరి పేజీలో 'అభిరుచులు: ఈత, గుర్రపు స్వారీ' అని మిగిలిపోయిన సంగతి మాత్రం నేను చూసుకోలేదు. ఉధ్నాలో ఒక మేనేజరు చూశాడు.

నిజానికి ఆయన చూసేలోపే ఒక తప్పు అయిపోయింది. కుర్చీ చూపించకముందే "జీతం ఎంతిస్తారు?" అని అడిగాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, కాగితం చివరి పేజీ తిప్పి, "ఈత బాగా వచ్చా?" అన్నాడు. వచ్చన్నాను. "2006 వరదలో ఎక్కడున్నారు?"

ఆ ఆగస్టులో ఉకాయి డ్యామ్ నీళ్లు వదిలితే తాపీ నది ఊరి మీద పడింది. అప్పుడు మేం రాందేర్‌లో అద్దెకుండేవాళ్లం. నోట్లోంచి నిజం జారిపోయింది: "మేడ మీద, మూడు రోజులు." గుర్రం సంగతి ఆయన అడగలేదు. దయగల మనిషి.

తర్వాత ఖజోద్. అక్కడ 2023 డిసెంబరులో ప్రధానమంత్రి ప్రారంభించిన డైమండ్ బోర్స్ ఉంది. పెంటగాన్ కన్నా పెద్ద ఆఫీసు భవనం, లోపల 4,000 పైచిలుకు ఆఫీసులు. అన్ని ఆఫీసులుంటే ఒక్క లెక్కల మనిషి అక్కర్లేకపోతాడా? గేటు దగ్గర సెక్యూరిటీ అతను "ఎవరిని కలవాలి?" అన్నాడు. "ఎవరినైనా" అన్నాను. అంతే, బస్సెక్కి వచ్చేశాను.

ఇంట్లో కూర్చుని టైపు చేస్తే డబ్బు అని ఫోన్‌కి మెసేజ్ వస్తే 1,500 రూపాయలు 'రిజిస్ట్రేషన్' కట్టిన సంగతి ఇక్కడ రెండు ముక్కల్లో ముగిస్తాను. పని ఇచ్చేవాడు డబ్బిస్తాడు గానీ అడగడని మా ఏడో తరగతి పిల్లకి కూడా తెలుసు. పన్నెండేళ్లు జమాఖర్చులు రాసినవాణ్ని, నాకు తట్టలేదు.

బట్టల మార్కెట్లో మరో దుకాణానికి టై కట్టి, బూట్లు పాలిష్ చేసి పోయాను. ఆ మార్కెట్లో పన్నెండేళ్లు పనిచేసినవాడినే, సేఠ్ తెల్లటి గాదీ మీద కూర్చుంటాడనీ, బూట్లు విప్పితే గానీ అది ఎక్కరనీ నాకు తెలీదా? కానీ ఉద్యోగం అడగడానికి పోతే మనిషికి మతి ఉండదు. బూట్లు విప్పాను. కుడి మేజోడు చిల్లులోంచి బొటనవేలు బయటికొచ్చి సేఠ్‌ని తేరిపార చూసింది. నేను మాట్లాడిన పది నిమిషాలూ ఆయన దానితోనే మాట్లాడాడు.

మా నాయన ఈ ఊరికి వచ్చినప్పుడు ఆయనకి బయోడేటా లేదు, మేజోళ్లూ లేవు. నవజీవన్ రైలు దిగాడు, ఊరివాళ్లు ఎదురొచ్చారు, ఆ రాత్రి షిఫ్టులోనే సాంచాల ముందు, అంటే మరమగ్గాల ముందు, నిలబెట్టారు. మగ్గాల ఖాతాలో ఆసామి ఏమీ అడగలేదట. పోగు తెగినప్పుడు ఎంత చప్పున అతుకుతాడో చూసి, "ఉండు" అన్నాడట. అయితే ఆయన రైలెక్కకముందే నూరు మందికి చెప్పుకున్నాడు, పని కావాలని. నేనేమో నాలుగు పేజీల కాగితం ఊరంతా పంచి, నోరు మాత్రం కుట్టేసుకున్నాను.

ఐదో శనివారం రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ నెమ్మదిగా అంది:

"నెల దాటింది. నీ అంగీకి చమ్కీ అంటుతలేదు."

ముద్ద గొంతులో ఆగింది. నిజమే. చీరల మధ్య తిరిగిన పన్నెండేళ్లూ నా అంగీ చేతులకు మెరుపు రేణువులు అంటుకునే వచ్చేవి. అవి ఉతికితే ఒక పట్టాన పోవు, మొదట్లో ఎన్నిసార్లు తిట్టిందో. ఉద్యోగం పోయిన మూడో రోజే ఆమెకి బకెట్లో తెలిసిపోయింది.

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తవని చూసిన. ఎన్నొద్దులు చూడాలయా?"

అప్పుడు గమనించాను. మూలన ఉండే చీరల మూట ఒకటి కాదు, రెండున్నాయి. రాళ్లంటించే పని ఆమె నెల నుంచి రెండింతలు తెచ్చుకుంటోంది. వేళ్ల చివర్లన్నీ జిగురు ఎండి తెల్లబడ్డాయి. ఆ మూటల్ని నేను రోజూ దాటుకుంటూ 'ఆఫీసుకి' పోయాను.

మర్నాడు మూటలు తెచ్చే మరాఠీ బాయితో ఆమె నేరుగా చెప్పేసింది: "మా ఆయనకు కొలువు లేదు. లెక్కలు మంచిగ రాస్తడు." ఆ మాట అంటుంటే నేను లోపలి గదిలో తలుపు వెనక దాక్కున్నాను. గుజరాతీలో ఒక సామెత ఉంది, 'ఓళఖాణ్ ఎ మోటీ ఖాణ్' అని. అంటే పరిచయం ఒక పెద్ద గని. నేను ఖజోద్ దాకా పోయి వజ్రాల గేటు తట్టాను, గని మా గడప దగ్గర మూట దించి టీ తాగుతోంది.

మంగళవారానికి కబురొచ్చింది. నా పాత దుకాణం ఉన్న మార్కెట్లోనే, రెండంతస్తులు పైన! పంపేముందు మా ఆవిడ మేజోడు కుట్టింది, టై లాగేసింది, "పోంగనే పైసలు అడగకు" అని మూడుసార్లు చెప్పింది.

కొత్త సేఠ్ నా నాలుగు పేజీలు ముట్టలేదు. చలాన్ల కట్ట ముందు పడేసి, పుస్తకంతో తేడా వస్తోంది, ఎక్కడో చూడమన్నాడు. ఇరవై నిమిషాల్లో దొరికింది. ఒకే పార్సిల్ రెండుసార్లు రాశారు, జీఎస్టీ కూడా రెండుసార్లు కట్టారు. ఆయన లెక్క చూసుకుని నావైపు తిరిగాడు.

"కింద దుకాణం మూసి నెల దాటిందిగా. అప్పటి నుంచీ మనిషి కోసం చూస్తున్నా. ఇన్నాళ్లు ఎక్కడున్నావు?"

గ్రంథాలయంలో నర్మద్ దగ్గర అని చెప్పలేక నవ్వాను.

సాయంత్రం ఇంటికి వచ్చాను. మా ఆవిడ ఏమీ అడక్కుండా నా చెయ్యి పట్టుకుని, అంగీ చేతిని బల్బు కిందికి తిప్పి చూసింది. బంగారు రంగు చమ్కీ మూడు చోట్ల మెరిసింది. ముఖం విప్పారింది. అప్పుడడిగింది:

"జీతం ఎంతన్నడు?"

"నువ్వే కదా అడగొద్దన్నావు…"

ఆ రాత్రి మంచినీళ్లు కూడా నేనే ముంచుకు తాగాను.