సాక్సులూ సాకులూ

మెదక్‌లో రాందాస్ చౌరస్తా చుట్టుపక్కల ఏ గల్లీలో చూసినా ఒక రిటైర్డ్ సారు ఉంటారు. సర్వీసంతా నల్లబల్ల ముందు నిలబడే గడిపిన మనిషి. ఇప్పుడు పిక్కల మీద నరాలు నీలంగా వంకర్లు తిరిగి ఉబ్బాయి. మెదక్ చర్చి గురించి అడగండి: పోస్నెట్ దొర కరువు రోజుల్లో కూలి దొరికేలా కట్టించాడనీ, 1924 డిసెంబరు 25న తెరిచారనీ, గోపురం 175 అడుగులనీ గుక్క తిప్పుకోకుండా చెప్తారు. డాక్టరు రాసిన బిగువు సాక్సుల ఒత్తిడి ఎంతని అడిగితే మాత్రం, "డబ్బా మీద ఉంటది, చూస్కో" అంటారు. ఉంది: 20–30 మిల్లీమీటర్ల పాదరసం. డబ్బా బీరువాలో ఉంది, సాక్సులు డబ్బాలో ఉన్నాయి. రోజూ వేసుకుంటే ఆర్నెల్లకే సాగిపోయి మార్చాల్సిన సరుకు. సారువి రెండేళ్ళయినా చెక్కుచెదరలేదు. అది కంపెనీ గొప్పతనమట!

ఇంట్లోవాళ్ళు దీన్ని బద్ధకం అంటారు. నేనొప్పుకోను. తెల్లారి నాలుగున్నరకే లేచి చన్నీళ్ళు పోసుకునే మనిషికి బద్ధకమేమిటి? అసలు చిక్కు ఏమిటంటే, ఆ వయసులో అది ఒక్కరే తేలిగ్గా వేసుకోగలిగే వస్తువు కాదు. మడమ దాకా తిరగేసి, వేళ్ళు దూర్చి, మడమను దాని గూట్లో కూర్చోబెట్టి, ముడత పడకుండా కొద్దికొద్దిగా పైకి లాగాలి. నరాల్లో కవాటాలు సడలితే రక్తం కిందికి జారి చీలమండ దగ్గర చేరుతుంది. అందుకే సాక్సు బిగువంతా అక్కడే ఎక్కువ. అంటే వంగని నడుముకు ఎక్కడ చెయ్యి అందదో, సరిగ్గా అక్కడే బలం పెట్టాలి. ఇంకో మనిషి కావాలి. ఆ మాట నోరు తెరిచి అడగడం సారు వల్ల కాదు.

చాయ్ తెమ్మనీ, కళ్ళద్దాలు వెతకమనీ రోజంతా పురమాయిస్తూనే ఉంటారు కదా అనవచ్చు. అవి హుకుములు, ఇది సాయం. దసరా నాడు జమ్మి చేతిలో పెట్టి కాళ్ళు మొక్కే కోడలి ముందు పాదాలు దర్జాగా చాపుతారు. అదే పాదాన్ని అదే కోడలు ఒళ్ళో పెట్టుకుని పళ్ళ బిగువున సాక్సు లాగుతుంటే, ఏమని దీవించాలో పాపం ఆయనకు తోచదు. అందుకని సాకులు. "ఎండకు కాళ్ళు ఉడుకుతున్నయి బిడ్డా" అంటే, మే నెలలో మెదక్ చూసినవాళ్ళెవరూ కాదనలేరు. కానీ డిసెంబరు చలిలోనూ డబ్బా బీరువా దిగదు. "మంచం దిగకముందే ఏస్కోవాల్నట. మొఖం కడగక, తానం చెయ్యక ఎట్ల?" అన్నది కాస్త బలమైన వాదన. వాపు తక్కువుండేది అప్పుడే కాబట్టి డాక్టర్లు అలా చెప్తారు. స్నానం రాత్రికి మార్చుకోవచ్చు, లేదా స్నానమయ్యాక కాసేపు కాళ్ళు ఎత్తు మీద పెట్టి పడుకుని వేసుకోవచ్చు. అయితే, మెదక్ పట్నానికి రైలు రావడానికే 2022 దాకా పట్టింది. సారు స్నానం వేళ మారడం అంతకంటే పెద్ద ప్రాజెక్టు.

పట్టు దొరికేలా రబ్బరు గ్లౌజులు తొడుక్కుని తనే లాగొచ్చు కదా? చెకప్ రోజున అదీ చేస్తారు. అదొక్కటే సాక్సులకు పండగ. కానీ మోకాలి దగ్గర మిగిలిన అంచును మడతపెట్టి చుడతారు. ఆ మడత అక్కడ తాడులా బిగిసి, పైకి పోవాల్సిన రక్తాన్నే ఆపుతుంది. వేసుకోకపోవడమే నయం.

పోనీ, అమ్మగారు లేరా అంటే, ఆమె కూడా అన్నేళ్ళూ పొయ్యి ముందు నిలబడ్డ మనిషే. చీర కుచ్చిళ్ళ కింద ఆమె పిక్కలు ఎలా ఉన్నాయో ఎవరూ టేపు పెట్టి చూడలేదు. ఈసారి సారుకు కొత్త కొలతలు తీసేటప్పుడు ఆమెను కూడా డాక్టరుకు చూపించాలి. ఆమెకూ సాక్సులు రాస్తే ఒకరివి ఒకరు లాగాల్సి వస్తుంది. అప్పుడు ఎవరు ఎవరికి సాయం చేసినట్టో లెక్క తేలదు గనుక, సారుకు అభ్యంతరం ఉండకపోవచ్చు.