రెండుంబావు గంటల దూరమా!

హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఎంత దూరమని ఈ తరం పిల్లల్ని అడగండి. కిలోమీటర్లు చెప్పరు, "రెండుంబావు గంటలు" అంటారు. ఎక్కడి రెండుంబావు? విమానం ఇక్కడ గేటు వదిలింది మొదలు అక్కడ గేటు దగ్గర ఆగేదాకా, అంతే ఆ లెక్క. ఉప్పల్లో ఇంటికి తాళం వేసి, కరోల్‌బాగ్‌లో మనవాళ్లింట్లో కాళ్లు కడుక్కునేదాకా పట్టే టైము ఎవరి ఖాతాలో రాయాలి?

మా రోజుల్లో బేగంపేట ఎయిర్‌పోర్టు ఉండేది, ఊరి నడిబొడ్డున. అమీర్‌పేటలో ఆటో ఎక్కితే ఇట్టే చేరిపోయేవాళ్లం. ముప్పావుగంట ముందు వెళ్తే చాలు. కార్బన్ కాయితాల టికెట్టు పుస్తకం చూపించి, పెట్టె తూకం వేయించి, ఎండలో కాంక్రీటు మీద నడుచుకుంటూ వెళ్లి మెట్లెక్కడమే. సాగనంపడానికొచ్చిన వాళ్లు మెట్ల మీదున్న మనకి చెయ్యి ఊపేవాళ్లు.

2008 మార్చిలో అందర్నీ శంషాబాద్ తరలించారు. కొత్తది బ్రహ్మాండంగానే ఉంది, కాదనను. కానీ ఉప్పల్ వాడికి అక్కడికి చేరడమే ఓ ప్రయాణం. ఆపైన రెండు గంటల ముందు హాజరు. బెల్టు విప్పు, ట్రేలో పెట్టు, చేతులు చాపు. మోకాళ్ల నొప్పులవాడికి గేటు ఎక్కడో చిట్టచివర! ఢిల్లీలో మరీను. చక్రాలు నేల తాకాక విమానం పావుగంట పాకుతూనే ఉంటుంది. దిగాక టెర్మినల్ 3 పొడుగునా నడక.

పోనీ, విమానం వేగమన్నా పెరిగిందా? ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1964లో తెచ్చిన కారవెల్ జెట్ గంటకు 800 కిలోమీటర్ల దరిదాపుల్లో పోయేది. ఇప్పటి ఎయిర్‌బస్ 320 వేగం 830 చిల్లర. రెండు ఊళ్ల మధ్య గాలి దారి సుమారు 1,260 కిలోమీటర్లు. అరవై ఏళ్లలో ఆకాశంలో మనకి కలిసొచ్చింది పట్టుమని ఐదు నిమిషాలు లేదు. నేల మీద మాత్రం గంటలకి గంటలు పోగొట్టుకున్నాం. పైగా రద్దీకి జడిసి కంపెనీలు టైంటేబుల్లో కాస్త ఎక్కువే రాసుకుంటాయి. అలా రాసుకుని, ముందే దింపామని మైకులో చెప్పుకుంటాయి!

ఇక రైలు సంగతి. 1976లో వచ్చిన ఏపీ ఎక్స్‌ప్రెస్, అదే ఇప్పటి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ఢిల్లీకి ఒక పగలూ ఒక రాత్రీ తీసుకునేది. పట్టాల దారి 1,600 కిలోమీటర్ల పైమాటే మరి. కానీ మంచిర్యాల దగ్గర గోదావరి, నాగపూర్‌లో నారింజలు, ఇటార్సీ దాటాక నర్మద, ధోల్‌పూర్ దగ్గర చంబల్ లోయలు చూస్తూ ఎంత దూరం వచ్చామో ఒంటికి తెలిసేది. బండి లేటైతే లేటని స్టేషన్లో నల్లబోర్డు మీద సుద్దతో రాసేవాళ్లు.

విమానాల వాళ్లూ అలా రాయాలి. ఎన్నింటికి ఇల్లు కదలాలో, ఎన్నింటికి బయట పడతామో టికెట్టు మీదే పెద్దక్షరాల్లో వెయ్యాలి. షుగరు మాత్ర, దాని వెనకాల అన్నం, ఆ టైము చూసుకునే కదా పెద్దవాళ్లు మూట కట్టుకోవాలి.