కోనసీమ నుంచి కోనాకి

ఖర్చు పెట్టుకుని, విమానమెక్కి, కొబ్బరిచెట్లు చూడ్డానికి వెళ్లిన అమలాపురం వాళ్లు మేము కాక ఇంకెవరైనా ఉంటే, వాళ్లతో ఓసారి తీరిగ్గా కూర్చుని మాట్లాడాలని ఉంది.

మావాడు కాలిఫోర్నియాలో ఉంటాడు. పిల్లలకి వేసవి సెలవులు, మేమూ అక్కడే ఉన్నాం. "ముందు హవాయి, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో" అని ప్రకటించి, ఎక్సెల్ షీటొకటి తయారుచేసి అందరి ఫోన్లకీ పంపాడు. అందులో సూర్యాస్తమయానికి కూడా టైము వేసి ఉంది గానీ మధ్యాహ్నం కునుక్కి లేదు. మా ఆవిడ ఆ షీటు తెరవనే లేదు. తన సూట్‌కేసు తను సర్దుకుంది. అందులో ఏం పెట్టావని అడిగే అలవాటు నాకు పెళ్లయిన కొత్తలోనే పోయింది.

హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దదాని పేరు కూడా హవాయే. దాని పడమటి ఒడ్డున కోనాలో దిగాం. ఎయిర్‌పోర్టు చుట్టూ ఎటు చూసినా నల్లగా గడ్డకట్టిన లావా. కోడలు ముందే పురమాయించినట్టుంది, ఒకమ్మాయి వచ్చి మా మెడల్లో పూలదండలు వేసింది. మా ఆవిడ దండ వాసన చూసి, "దేవగన్నేరు! మన శివాలయం వెనక చెట్టు కింద రాలి పడుంటాయి, ఏరేవాళ్లు లేక" అంది. వేసినవాళ్ల ఎదుట దండ తీసేయడం అక్కడ అమర్యాదట. రిటైర్మెంటు సభలో వేసిన దండ వేసినట్టే తీసి బల్ల మీద పెట్టిన మనిషిని నేను. ఇక్కడ ఆ అమ్మాయి మళ్లీ ఎక్కడ ఎదురుపడుతుందోనని సాయంత్రం దాకా మోశాను.

అసలు గొడవ హోటల్లో మొదలైంది. ఈతకొలను చుట్టూ ఏపుగా పెరిగిన కొబ్బరిచెట్లు. మా ఆవిడ తలెత్తి ఒక్కో చెట్టూ చూసుకుంటూ పోయి, చివరి చెట్టు దగ్గర ఆగి, "ఏవండీ, ఒక్కదానికీ గెల లేదు" అంది. నా గుండె గతుక్కుమంది. మా వైపు తోటల్ని పీడించే తెల్లదోమ ఇక్కడి దాకా వచ్చిందా అనుకుని ఆకుల అడుగు భాగం కూడా పరీక్షగా చూశాను. అక్కడ గడ్డి కత్తిరిస్తున్న పెద్దమనిషిని మావాడి చేత అడిగించాను. తెగులూ లేదు, ఏమీ లేదు. కాయ ఎవరి నెత్తి మీదైనా పడితే కోర్టుకెక్కుతారని, ముదరక ముందే మనుషుల్ని ఎక్కించి గెలలు కోయించేస్తారట. కూలి ఇచ్చి మరీ.

"కాయలు తీసేశాక ఇంక చెట్టెందుకురా?" అంది మా ఆవిడ.

"వ్యూ కోసం అమ్మా."

ఆ మాట ఆవిడకి అర్థం కాక కాదు, మింగుడు పడక ఊరుకుంది. మా ఊళ్లో దింపు తీయించాలంటే ఎక్కే మనిషి కోసం ఇంటి చుట్టూ తిరగాలి. అతను "రేపొస్తానండి" అంటే ఆ రేపు ఏ వారమో పంచాంగంలో కూడా ఉండదు. ఇక్కడేమో పనిగట్టుకుని పిలిచి కాయలు పడేయిస్తున్నారు. అదే వీధి చివర ఒకతను బోండానికి కన్నం పెట్టి, గొట్టం గుచ్చి, ఎనిమిది డాలర్లకి అమ్ముతున్నాడు. ఆవిడ దాన్ని రూపాయల్లోకి మార్చి, మా అరెకరం తోటలో చెట్ల లెక్కతో హెచ్చవేసుకుంటూ ఆ రాత్రి చాలాసేపు దొర్లింది.

మర్నాడు కెప్టెన్ కుక్ అనే ఊరి మీదుగా వెళ్లాం. ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్‌ని 1779లో ఆ కిందనున్న సముద్రపు ఒడ్డునే చంపారు. పైనున్న ఊరికి మాత్రం ఆయన పేరే. మన దగ్గర విగ్రహం కూడా పెట్టేవాళ్లం. దారిలో ఒక మొక్కల తోట చూపించారు. తిప్పి చూపించిన గైడమ్మ చెప్పిన సంగతి మాత్రం నాకు భలే నచ్చింది. సుమారు వెయ్యేళ్ల కిందట పాలినేషియన్లు వేల కిలోమీటర్ల సముద్రం దాటి, రెండు పడవలు జోడించి కట్టిన తెరచాప నావల్లో ఈ దీవులకి వచ్చారు. దిక్సూచి లేదు, చుక్కల్నీ అలల్నీ చూసుకుంటూ రావడమే. వస్తూ తినడానికీ నాటుకోడానికీ తమ మొక్కలన్నీ వెంట తెచ్చుకున్నారు. కొబ్బరి, అరటి, చెరకు, చేమ, పనస బంధువు బ్రెడ్‌ఫ్రూట్, పసుపు...

"పసుపు?" అన్నాడు మావాడు.

"తేరూ మరి! పసుపు లేకుండా గడప దాటి ఎవరెళ్తారు?" అంది మా ఆవిడ. బయల్దేరేముందు ఫ్రీమాంట్‌లో మావాడి ఇంట్లో తల్లీకొడుకుల మధ్య సూట్‌కేసు బరువు గురించి జరిగిన వాదంలో పసుపు డబ్బా ప్రస్తావన వచ్చింది. ఆ కేసు అక్కడితో కొట్టేశారు.

ఆ సాయంత్రం లూఆవు అనే హవాయి విందు. పంది మాంసం గోతిలో పెట్టి కాల్చే ఘట్టాన్ని మేము దూరం నుంచి గౌరవించి, శాకాహారపు బల్ల దగ్గర చేరాం. అక్కడ పోయ్ అని లేత ఊదా రంగు ముద్దొకటి పెట్టారు. ఉడికించిన చేమదుంప నీళ్లతో దంచి చేస్తారు. పలచనదాన్ని మూడు వేళ్లతో, చిక్కనిదాన్ని ఒక వేలితో తింటారు. రోజు గడిచేకొద్దీ పులుస్తుంది, పులిసిందే ఇష్టం కొందరికి. మా ఆవిడ వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "ఉప్పు లేదు, కారం లేదు, తాలింపు లేదు. బంగారం లాంటి దుంప" అంది బాధగా.

అయితే ఆ దుంప వెనక ఒక కథ ఉంది. ఆకాశ దేవుడికి పుట్టిన మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుడితే పాతిపెట్టారనీ, అక్కడే చేమ మొక్క మొలిచిందనీ, తర్వాత పుట్టిన బిడ్డ నుంచి మనుషులొచ్చారనీ హవాయి వాళ్ల నమ్మకం. అంటే చేమ మనిషికి అన్నగారు. ఇన్నేళ్లుగా అన్నగారిని వేపుడు చేసుకు తింటున్నామా అని నేను తినడం ఆపాను. ఇంకో ఆచారం కూడా చెప్పారు. పోయ్ గిన్నె మూత తీసి ఉన్నంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ పోట్లాడుకోకూడదట, పెద్దాయన ఎదుటే ఉన్నట్టు లెక్క. ఆ గిన్నె ఎక్కడ అమ్ముతారో కనుక్కోమని కోడలికి రహస్యంగా చెప్పాను. "నేనూ అదే చూస్తున్నాను మావయ్యగారూ" అంది.

పొద్దున్నే బాల్కనీలో కూర్చుంటే గోరింకలు గోల. అచ్చం మన గోరింకలే. హిల్లెబ్రాండ్ అనే జర్మన్ డాక్టరు పురుగుల్ని తింటాయని 1865లో ఇండియా నుంచి తెప్పించాడట. కాసేపటికి పొదలోంచి ముంగిస తొంగి చూసింది. చెరకు తోటల్లో ఎలకల్ని పట్టడానికి 1883లో జమైకా నుంచి దింపారు. జమైకాకి అంతకుముందు కలకత్తా నుంచి వెళ్లాయి. తీరా చూస్తే ఎలకలు రాత్రి తిరుగుతాయి, ముంగిసలు పగలు తిరుగుతాయి. షిఫ్టులు కలవలేదు. పోనీ పాముల్ని పడదామంటే దీవుల్లో చెప్పుకోదగ్గ పాములే లేవు. దాంతో పక్షిగుడ్లు తింటూ ఉద్యోగం వెలగబెడుతున్నాయి. ప్రభుత్వ శాఖలో ముప్ఫై ఏళ్లకి పైగా పనిచేసినవాణ్ని, నాకు వాటి మీద కోపం రాలేదు.

కిలౌయా అగ్నిపర్వతం దగ్గర మాత్రం మా ఆవిడ దేన్నీ మన ఊరితో పోల్చలేదు. హలేమౌమౌ గుంటలోంచి పొగ లేస్తోంది. అందులో పేలే అనే దేవత ఉంటుందని చెప్పగానే చెప్పులు విప్పేసింది. అక్కడి రాయి పట్టుకెళ్లినవాళ్లకి కీడు జరుగుతుందన్న భయంతో, ఎక్కడెక్కడి నుంచో జనం క్షమాపణ ఉత్తరాలు రాసి మరీ రాళ్లు పార్సిల్లో తిప్పి పంపుతారట. అసలు తీయడమే చట్టరీత్యా నేరం. మనవడి జేబు తడిమి రెండు గులకరాళ్లు దొరికినచోటే పెట్టించింది. "ఏ ఊరి అమ్మవారితోనైనా వేళాకోళం వద్దు" అని వాడికి తెలుగులో చెప్పింది. తెలుగు అంతంతమాత్రంగా వచ్చే ఆ వెధవకి ఆ ఒక్క ముక్కా పూర్తిగా అర్థమైంది.

హిలో అనే ఊరి సంతలో మామిడిపళ్లు కనిపించేసరికి ఆవిడ తట్టంతా కొనేసింది. హవాయి నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి పచ్చి మామిడైనా పండు మామిడైనా మామూలుగా తీసుకెళ్లనివ్వరు, పురుగులు వస్తాయని. అనాసపండుకి అడ్డులేదు. ఎయిర్‌పోర్టులో సామాను తనిఖీ ముందు బోర్డు చదివి కోడలు చెప్పేసరికి, చెత్తడబ్బా ఎదురుగానే ఉంది. "పారేస్తామా ఏంటి?" అని మా ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని పంపకం మొదలెట్టింది. చాకు లేదు. ముచ్చిక కొరికి, సొన పిండేసి, మెత్తగా పిసికి చేతికిస్తుంటే పిల్లలు జుర్రుకుంటున్నారు. రసం మోచేతుల దాకా కారుతోంది. మావాడు కాసేపు ఫోను చూసుకుంటున్నట్టు నటించి, తర్వాత చొక్కా చేతులు మడిచాడు. మా పక్కన కూర్చున్న జపాన్ దంపతులకి కూడా చెరొకటి అందింది. మొత్తం సెలవులో ఎక్సెల్ షీటులో లేనిది ఇదొక్కటే. పిల్లలు ఇప్పటికీ చెప్పేదీ ఇదే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో జూలై నెల. మావాడి ఇంటి దగ్గర ఎండ మాడుస్తుంటే గంట ప్రయాణంలో ఇక్కడ పళ్లు టకటకలాడుతున్నాయి. లోపలి లోయలు వేడెక్కి గాలి పైకి లేస్తుంటే, ఆ ఖాళీలోకి చల్లటి సముద్రం మీది మంచు గోల్డెన్ గేట్ సందులోంచి దూసుకొస్తుంది. ఏటా ఇంతే. మంచుకి కార్ల్ అని పేరు పెట్టి ముద్దుగా పిలుచుకుంటారు. నిక్కర్లేసుకుని దిగిన టూరిస్టులకి స్వెట్‌షర్టులు అమ్మే కొట్లు వరసగా ఉన్నాయి.

కేబుల్ కారెక్కాం. 1873 నుంచి నడుస్తోంది. వీధి కింద ఇనుప తాడు గంటకి 15 కిలోమీటర్ల వేగంతో ఆగకుండా కదులుతుంటుంది. డ్రైవరు పెద్ద మీట లాగి దాన్ని పట్టుకుంటే బండి కదులుతుంది, వదిలితే ఆగుతుంది. దారి చివర చెక్క పళ్లెం మీదికి ఎక్కించి సిబ్బందే బండిని తోసి ఇటు తిప్పుతారు. జనమంతా లోపల సీట్లు వదిలేసి ఫుట్‌బోర్డు మీద వేలాడ్డానికి ఎగబడుతున్నారు. రావులపాలెం బస్సులో అలా వేలాడినందుకు కాలేజీ రోజుల్లో కండక్టరు నన్ను నడిరోడ్డు మీద దింపేశాడు. ఇక్కడ దానికి టికెట్టు.

పియర్ 39 దగ్గర సీలయన్లు. 1990 జనవరిలో వాటంతటవే గుంపుగా వచ్చి పడవలు కట్టే తెప్పల మీద మకాం పెట్టాయట. పొమ్మనలేక పడవల్నే వేరే చోటికి మార్చారు. విడిదింట్లో మగపెళ్లివారిలా ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతూ, మధ్యలో లేచి ఏదో లోటు జరిగిందని అరిచి, మళ్లీ పడుకుంటున్నాయి.

చివరికి గోల్డెన్ గేట్ వంతెన. 1937లో కట్టారు. మా గోదావరి మీది హేవ్‌లాక్ వంతెన దానికన్నా ముప్ఫై ఏడేళ్లు పెద్దది, ఆ మాట నలుగురికీ వినపడేలా చెప్పాను. మంచులో కూడా కనపడాలని నారింజ రంగు వేశారని మనవరాలు బోర్డు చదివింది. రంగు సంగతి దేవుడెరుగు, వంతెనే కనపళ్లేదు. మంచులోంచి బూర మోత వినిపిస్తోంది, అంతే. చలిగాలికి మావాడి ముక్కు వంతెన రంగుకి వచ్చింది. అప్పుడు మా ఆవిడ భుజానున్న సంచీ తెరిచి, మంకీ టోపీ తీసి నాకు తొడిగింది. మావాడు మొహం చిట్లించాడు. రెండు నిమిషాలాగి, గొంతు తగ్గించి, "అమ్మా, ఇంకోటుందా?" అన్నాడు.

అందరికీ ఉన్నాయి. రావులపాలెం సంతలో డజను లెక్కన కొన్నదట. గోధుమ రంగువి.

దారిన పోయే ఒకాయన చేత ఫొటో తీయించి నేను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వెనకంతా తెల్లటి మంచు, ముందు మంకీ టోపీల్లో మేమందరం. కాకినాడ నుంచి మా తోడల్లుడు నిమిషంలో జవాబిచ్చాడు: "లంబసింగి ఎప్పుడెళ్లారన్నయ్యా? చెబితే మేమూ వచ్చేవాళ్లంగా!"