12 మీటర్లు జరగమన్న రివ్యూయర్ గారికి బహిరంగ లేఖ

శ్రీయుత జియోకాషింగ్ రివ్యూయర్ మహాశయుల దివ్యసముఖానికి,

అమీర్‌పేట వాస్తవ్యుడైన అర్జీదారు సవినయంగా మనవి చేసుకునేదేమనగా:

జీపీఎస్ కోఆర్డినేట్లు పట్టుకుని, ఒకరు దాచిన పెట్టెను ఇంకొకరు వెతికే ఈ ఆటలో, కొత్త పెట్టె పెట్టుకుంటానన్న అర్జీకి తమరు మొన్న దయచేసిన జవాబు అందింది. ఉన్నవి రెండే వాక్యాలు. అర్జీదారు దాచదలచిన పెట్టె ఇంకొక పెట్టెకు 149 మీటర్ల దూరంలోనే ఉందనీ, నిబంధన ప్రకారం రెంటి నడుమా 161 మీటర్లు ఉండి తీరాలనీ మొదటి వాక్యం. ‘12 మీటర్లు జరిపి మళ్లీ పంపండి’ అని రెండోది. దాని పక్కన ఒక నవ్వు బొమ్మ. వినయం అక్కడితో సరి. ఆ పచ్చటి మొహం చూశాక ‘దివ్యసముఖం’ లాంటి మాటలు అర్జీదారు కలానికి రావడం మానేశాయి.

ఎటు జరపాలి సార్, 12 మీటర్లు?

స్థలం మైత్రీవనం వెనక సందు. జావా, పైథాన్, డెవాప్స్ అంటూ గోడ కనబడకుండా కరపత్రాలు అంటించి ఉన్న సందు. అందులో ఒక జిరాక్సు షాపు, దాని పక్క కిటికీకి ఇనప ఊచలు. కింది ఊచ వెనక, బొటనవేలి మొదటి కణుపంత డబ్బా. అడుగున అయస్కాంతం, లోపల సన్నగా చుట్టిన కాగితం. కనుక్కున్నవాళ్లు అందులో పేరూ తేదీ రాసి, మళ్లీ చుట్టి, ఎక్కడిదక్కడ పెట్టేసి వెళ్లాలి. తమరి నిబంధనల్లో స్థలం యజమాని అనుమతి ఉండాలని ఉంది కదా, అదీ ఉంది. ‘పెట్టుకో అన్నా, గానీ దాని మీద గేమ్ అని రాయి. లేకపోతే పొద్దుగాల ఊడ్చేటోళ్లు పడేస్తరు’ అన్నాడు షాపాయన. అర్జీదారు రాశాడు. తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో. కణుపంత డబ్బా మీద మూడు భాషలు పట్టించడం ఎంత పనో తమరు ఒకసారి చేసి చూడాలి.

పాత పెట్టె రోడ్డుకు అవతల ఉంది. దానికి దూరం జరగాలంటే సందులో లోపలికే జరగాలి. సరిగ్గా 12 మీటర్లు లోపలికి వెళితే లేడీస్ హాస్టల్ గేటు. చేతిలో ఫోను పట్టుకుని, గేటు ఊచలు తడుముతూ, అటూ ఇటూ చూస్తూ నిలబడే మగమనిషికి హైదరాబాద్‌లో ఏమవుతుందో తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. 2014 నుంచి ఇక్కడ పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి. ‘మేడమ్, ఇది జియోకాషింగ్ అనే అంతర్జాతీయ క్రీడ’ అన్న వివరణ స్టేషన్లో ఎంతసేపు నిలుస్తుంది? ఎడమకు తప్పుకుంటే ట్రాన్స్‌ఫార్మరు, దాని మీద పుర్రె బొమ్మ. కుడికి తప్పుకుంటే కోచింగ్ సెంటర్ మెట్లు. బడి ఆవరణల్లో పెట్టెలు దాచకూడదని తమ నిబంధనే. కోచింగ్ సెంటర్ బడి కిందికి వస్తుందా రాదా? వస్తుందంటే మాత్రం అమీర్‌పేట మొత్తాన్నీ తమ పటంలోంచి కొట్టేయాల్సిందే.

సరే, ఈ 12 మీటర్ల యుద్ధం ఏ పెట్టె కోసం? మెట్రో రాకముందు ఎవరో విదేశీ ఆసామీ ప్రాజెక్టు పని మీద వచ్చి, ఒక ప్రహరీ గోడ కంతలో డబ్బా దోపి, విమానం ఎక్కేశాడు. ఆ గోడ ఇప్పుడు లేదు. మెట్రో పనుల్లో పోయింది. ఆ పెట్టె పేజీ కింద వరసగా డీఎన్ఎఫ్‌లే: దొరకలేదు, దొరకలేదు, గోడే దొరకలేదు. యజమాని బదులివ్వడు. చూసుకునే మనిషి దగ్గర్లో లేకపోతే పెట్టెను ఒప్పుకోమని తమ నిబంధనల్లోనే ఉంది. లేని గోడలోని లేని పెట్టె చుట్టూ 161 మీటర్ల మేర తమరు కాపలా కాస్తున్నారు. ఆ ఆవరణలో ఊరివాడు కాలు పెట్టకూడదు.

పోనీ కొలతైనా నికరమైనదా? ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోను చూపే స్థానం సుమారు ఐదు మీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. అమీర్‌పేటలో ఆకాశం ఎక్కడుంది సార్? పైన మెట్రో వంతెన. మియాపూర్–ఎల్బీ నగర్ లైనూ, నాగోల్–రాయదుర్గం లైనూ ఒకదాని మీదుగా ఒకటి దాటే చోటు ఇదే. పక్కన అద్దాల భవనాలు, వాటి మధ్య ఆటో పట్టనంత సందులు. ఉపగ్రహం సంకేతం ఆ అద్దాలకు కొట్టుకుని, గోడలకు తగిలి, అలిసిపోయి ఫోనుకు చేరుతుంది. తెర మీది నీలం చుక్క ఒక క్షణం జిరాక్సు షాపులో ఉంటుంది, మరుక్షణం రోడ్డు దాటేస్తుంది. అమీర్‌పేటలో సిగ్నల్ పడకుండా రోడ్డు దాటగలిగేది ఆ చుక్కొక్కటే. ఆ పాత పెట్టె కోఆర్డినేట్లూ ఇలాంటి యంత్రంతో తీసినవే. రెండు అంచనాల మధ్య గీత గీసి, గీత 12 మీటర్లు పొట్టిదని తీర్పు చెప్పారు.

గీత మీద 149 మీటర్లు. కాళ్లతో అయితే ఎస్కలేటరెక్కి, మెట్రో స్టేషన్లోంచి అవతలికి దిగి, బజ్జీల బండి తప్పించుకుని వెళ్లాలి. ఈ రెండు పెట్టెలూ కలిసిపోయి ఎవరికో అయోమయం కలుగుతుందని భయపడటం, మూసీకి అటొకటి ఇటొకటి ఉన్న ఇళ్లను ఒకే వాటా అనుకోవడమే.

ఆట చరిత్ర తమకు తెలియనిదని కాదు. అయినా ఈ కోపంలో ఒకసారి గుర్తు చేయకపోతే అర్జీదారుకు నిద్ర పట్టదు. అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని కలిపి ఉంచిన తప్పును 2000 మేలో తీసేసింది. అంతకుముందు మామూలు జనానికి వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ ఊరి దగ్గర ఒక నల్ల బకెట్టు దాచి, కోఆర్డినేట్లు లోకానికి చెప్పాడు. మూడు రోజుల్లో ఇద్దరు కనుక్కున్నారు. ఆట అలా పుట్టింది. ఆ బకెట్టు సగం నేలలో పాతిపెట్టి ఉంది. అనుమతి లేకుండా పాతిపెట్టడం ఇప్పుడు నిషేధం. అందులో చిక్కుడుగింజల డబ్బా ఉంది. తినే వస్తువులు ఇప్పుడు నిషేధం. ఉండేలు కూడా ఉంది. దానికి తమరు ఏమంటారో అర్జీదారు ఊహించుకోగలడు. ఉల్మర్ గారు ఇవాళ దరఖాస్తు పెట్టుకుంటే తమ నుంచి ఆయనకూ నవ్వు బొమ్మే వెళ్లేది.

అర్జీదారు మరీ మొండివాడేం కాదు. కొన్ని నిబంధనలు ఎందుకొచ్చాయో ఈ ఊరివాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 2011 జులైలో ఇంగ్లండ్‌లోని వెదర్బీలో ఒక కాఫీ హోటల్ బయట ఎవరో జియోకాష్ దాస్తుంటే చూసినవాళ్లు బాంబనుకున్నారు. సైన్యం వచ్చి దాన్ని పేల్చేసింది. అక్కడ పోయింది ఒక ప్లాస్టిక్ డబ్బా. ఇక్కడ 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ల మీద పెట్టిన బాంబులు. ఇలాంటి ఊళ్లో బస్టాపు వెనక టిఫిన్ డబ్బా దాచి ‘ఆట’ అనడానికి నోరెలా వస్తుంది? ఈ విషయంలో తమరు ఇంకా కఠినంగా ఉన్నా అర్జీదారు తలవంచుతాడు. అందుకే కణుపంత డబ్బా, అందుకే షాపాయన అనుమతి, అందుకే మూడు భాషలు. తమరు వాటిలో ఒక్కదాని గురించీ అడగలేదు. అడిగింది 12 మీటర్ల గురించి.

చెప్పుకుంటూ పోతే ఇంకా ఉన్నాయి. ఇంతకుముందు, పెట్టె వర్ణనలో వ్యాపార సంస్థల పేర్లు రాకూడదన్నారు. అమీర్‌పేటలో దుకాణం పేరు లేకుండా దారి చెప్పిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఫలానా బేకరీ ఎదురుగా, ఫలానా ఇన్‌స్టిట్యూట్ కింద, ఫలానా కర్రీ పాయింట్ పక్కన: ఇక్కడ చిరునామా అంటేనే అది. సత్యం థియేటర్ కూల్చేసినా, దాని స్థానంలో 2023లో మల్టీప్లెక్స్ వచ్చినా, ఆటోవాళ్లకు అది ఇప్పటికీ సత్యం థియేటరే. ‘ఒక వాణిజ్య భవనం సమీపంలో’ అని రాస్తే తమకు ఆనందం. వెతికేవాడు మాత్రం ఎస్సార్ నగర్ దాకా వెళ్లిపోతాడు. తెలుగులో రాసిన వర్ణన కింద ఇంగ్లీషు కూడా పెట్టమన్నారు, అర్జీదారు పెట్టాడు. తెలుగుకు ఒక్క ఆక్షేపణా రాలేదు కాబట్టి అది తమరు చదవలేదని అర్జీదారు నమ్మకం.

ఈ పెట్టె కథ మొదలయ్యే ఎర్రమంజిల్ సంగతీ చెప్పాలి. 1870 ప్రాంతంలో నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన మహలు. దాన్ని కూల్చి కొత్త అసెంబ్లీ కడతామని 2019లో ప్రభుత్వం నిర్ణయిస్తే, ఆ సెప్టెంబర్లో హైకోర్టు కొట్టేసింది. డబ్బా గిబ్బా లేకుండా, చోటు చూసి ప్రశ్నకు జవాబు చెప్పే వర్చువల్ పద్ధతికి ఇంతకన్నా మంచి స్థలం అమీర్‌పేటకు వచ్చే దారిలో దొరకదు. కానీ కొత్త వర్చువల్ పెట్టెలకు 2005లోనే తలుపులు మూశారు. 2017లో మళ్లీ తెరిస్తే, ఎంపిక చేసిన సుమారు 4,000 మందికే భాగ్యం దక్కింది. ఆ వరస పంజగుట్ట మీదుగా రాలేదు.

అందుకే అర్జీదారు రెండు మెట్ల ఆట అల్లాడు. ఎర్రమంజిల్ దగ్గర ఒక ప్రశ్న. దాని జవాబు అంకెలతో చివరి పెట్టె కోఆర్డినేట్లు తేలతాయి. అక్కణ్నుంచి నిమ్స్ ఆసుపత్రి ముందుగా, పంజగుట్ట చౌరస్తా దాటి, అమీర్‌పేట దాకా నడవాలి. బస్సు కిటికీలోంచి తప్ప ఆ దారిని ఎప్పుడూ చూడని కుర్రాళ్లు, కోర్సు కోసం గుంటూరు నుంచీ కరీంనగర్ నుంచీ వచ్చి హాస్టల్లో పడుకునే కుర్రాళ్లు, ఒక ఆదివారం నవాబు మహలు చూసి నడుచుకుంటూ వచ్చి ఈ డబ్బాలో పేరు రాసుకోవాలని. అంతే సార్ ఉద్దేశం. ఇందులో కంపెనీ లేదు, లాభం లేదు.

రివ్యూయర్లే వద్దనే వర్గం ఒకటుంది. అర్జీదారు ఆ వర్గం కాదు. తమరికి జీతం లేదని తెలుసు. తిట్లు పడేది ముసుగు పేరుకే అయినా, నొప్పి లోపలి మనిషికేననీ తెలుసు. చూసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో మనవాళ్లకూ అనుభవమే. మామూలు జనమే పటాలు గీసుకునేలా లలితేశ్ కట్రగడ్డ ప్రభృతులు తీర్చిదిద్దిన గూగుల్ మ్యాప్ మేకర్‌లో, 2015లో ఎవరో రావల్పిండి దగ్గర ఆండ్రాయిడ్ రోబో యాపిల్ గుర్తు మీద మూత్రం పోస్తున్న బొమ్మ గీశారు. ఆ మేలో సేవను తాత్కాలికంగా ఆపారు, 2017 మార్చి 31తో పూర్తిగా మూసేశారు. పరిశీలన ఉండాలి. కానీ పరిశీలన అంటే కొలబద్ద మాత్రమే అయితే, ఆ పని తమ సైటులోని ప్రోగ్రామే చేస్తుంది. పాపం, దానికి నవ్వు బొమ్మ పెట్టడం కూడా రాదు. మనిషిని పెట్టింది సందు ఎలా ఉందో అడగడానికి కదా? తమరు హైదరాబాద్‌లో ఉండరు. ఉంటే ‘12 మీటర్లు జరిపి’ అన్న మాట అనేవారు కాదు. ఉండకపోవడం తప్పు కాదు. ఒక్క ఫోటో పంపమని అడగకపోవడం తప్పు.

ఇక వెటకారం చాలు. అర్జీదారుకు ఓపిక అయిపోయింది, తమకూ అయిపోయే ఉంటుంది. దూరం నిబంధన సడలించమని అడగడం లేదు. ప్రత్యేక దయ అక్కర్లేదు. దయచేసి ఆ పాత పెట్టె పేజీ తెరిచి, కింద జనం ఏం రాశారో ఒకసారి చదవండి. దాని యజమానికి తమ పేరున ఒక నోటీసు పంపండి. గడువు లోపల బదులిస్తే, కొత్త గోడ వెతికి కొత్త డబ్బా పెడితే, అర్జీదారు నోరు మూసుకుని తన డబ్బా ఊడదీసుకుంటాడు. బదులు రాకపోతే దాన్ని ఆర్కైవ్ చేయండి. అది తమ పద్ధతే, తమ అధికారమే, ఎవరినీ అడగక్కర్లేదు. అప్పుడు 149 మీటర్ల లెక్క దానంతటదే పోతుంది.

అనుమతి సంగతి నమ్మకం కుదరకపోతే షాపాయన నంబరు దరఖాస్తులోనే ఉంది. మధ్యాహ్నం పూట చేయండి. పొద్దున హాల్‌టికెట్ల రద్దీలో ఆయన ఎవరి ఫోనూ ఎత్తడు.

ఇట్లు,
అర్జీదారు,
అమీర్‌పేట