సభ్యులకు చెడ్డ కబురే ముందు చెప్పండి

కరెంటు సహకార సంఘాలు నడిపే పాలకవర్గాలకు, ఏఈలకు, లైన్‌మన్లకు ఈ సలహాలు. వినగానే తలకిందులుగా తోస్తాయి. అయినా మనస్ఫూర్తిగానే చెబుతున్నాను.

మహాజన సభను ప్రగతి నివేదికతో మొదలుపెట్టకండి, బకాయిలతో మొదలుపెట్టండి. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక దేశంలో ప్రయోగంగా పెట్టిన ఐదు సంఘాల్లో మన సిరిసిల్ల ఒకటి, మహారాష్ట్రలోని ములా-ప్రవర మరొకటి. ములా-ప్రవరలో బకాయిలు పేరుకుపోయాయి. 2011లో అక్కడ పంపిణీ చేతులు మారింది. సిరిసిల్ల సంఘం (సెస్) నిలబడింది. ఇలాంటి సంఘం కరెంటును డిస్కం దగ్గర టోకున కొని ఊళ్లకు పంచుతుంది. ఎంతకు కొన్నాం, లైన్లలో ఎంత పోయింది, ఎంత వసూలైంది, ప్రభుత్వం నుంచి ఎంత రావాలి అన్న నాలుగు అంకెలూ పంచాయతీ గోడమీద రంగుతో రాయించండి. సంఘం పరువు పోతుందని అడ్డుపడేవాళ్లుంటారు. వాటా కట్టిన సభ్యుడు సంఘానికి యజమాని. యజమానికి నష్టం దాచే గుమస్తాను ఏ దుకాణంలోనూ ఉంచుకోరు.

కరెంటు పోతే, ఎప్పుడొస్తుందో తేలకముందే నోరు విప్పండి. తెలిశాక చెబుదాంలే అని ఫోన్ ఎత్తకపోవడమే మనకు అలవాటైంది. ‘లైను ఎక్కడ తెగిందో ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం’ అన్నా చాలు. సాంచాలు (మరమగ్గాలు) నడిపే ఆసామి కూలీలను కూర్చోబెట్టాలో ఇంటికి పంపాలో దాన్నిబట్టి తేల్చుకుంటాడు. ఇందులో ప్రాణాల సంగతీ ఉంది, అసలు నా బాధంతా దాని గురించే. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని స్తంభం ఎక్కిన సంగతి ఊరికి తెలియకపోతే, పొలం ఎండుతోందన్న ఆత్రంలో ఎవరో ఒకరు వెళ్లి ఏబీ స్విచ్ వేసేస్తారు. ఇంకొకరు తనే ఫ్యూజు వేసుకుందామని ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెడతారు. అందుకే స్విచ్ దించి తాళం వేసి, ఊళ్లో చాటింపు వేయించాకే మనిషి పైకెక్కాలి. పని అరగంట ఆలస్యమైతే కానివ్వండి. త్వరగా బాగుచేశామన్న పేరు ఎవరికీ అక్కర్లేదు.

పొదుపు మీద ఉపన్యాసాలు కూడా మానేయండి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. బిల్లే లేని రైతుకు యూనిట్ల లెక్క ఎందుకు పడుతుంది? ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఏమవుతుందో మాత్రం ఆయనకు మనకంటే బాగా తెలుసు. అక్కడి నుంచే మాట్లాడండి. కెపాసిటర్ లేని 5 హెచ్‌పీ మోటారు సుమారు ఆరు కేవీఏ లాగుతుంది. అంటే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు నాలుగు మోటార్లతోనే ఊపిరి సలపదు. రెండు కేవీఏఆర్ కెపాసిటర్ బిగిస్తే అదే మోటారు ఐదు కేవీఏతో సరిపెట్టుకుంటుంది, ఐదో రైతుకూ చోటు దొరుకుతుంది. పొలం గట్టు మీద క్లాంప్ మీటరు పెట్టి, బిగించక ముందొకసారి, బిగించాక ఒకసారి ఆంపియర్లు చూపించండి. ఆటో స్టార్టర్ల సంగతీ అప్పుడే ఎత్తండి. వాటివల్ల కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారి లేస్తాయి, లేచేటప్పుడు ఒక్కోటి మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. కాయిల్ కాలేది అందుకేనని కళ్లారా చూస్తే ఆయనే తీసేస్తాడు. తీయనివాళ్లూ ఉంటారు, వాళ్లకు పక్క రైతులే చెబుతారు.

సభ్యులకూ ఒక మాట. పాలకవర్గం చెప్పేదాకా ఆగకండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లున్నాయో, పోయినేడు అది ఎన్నిసార్లు కాలిందో, మరమ్మతుకు ఎంతయిందో వచ్చే మహాజన సభలో లేచి నిలబడి అడగండి, జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి.