సీసా సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం

ఒరేయ్ అబ్బాయ్, ఆ హార్లిక్సు సీసా పారేయకురా. ఎందుకైనా పనికొస్తుంది.

అవతారిక

కర్త మా మామ్మ. దేశం కోనసీమలో ఒక కాలవగట్టు ఊరు. కాలం, హార్లిక్సు గాజు సీసాలో దొరికిన కాలం. జ్వరం తగ్గిన పిల్లవాడొకడు సీసా అడుగున గట్టిపడ్డ పొడిని చెంచాతో గీకి తిని, ఖాళీ సీసాతో పెరటి గుమ్మం దాటబోతుండగా, మజ్జిగ చిలుకుతున్న మామ్మ కవ్వం ఆపకుండా, తల తిప్పకుండా అన్న మాట ఇది. తల తిప్పకుండా అన్నది గనుక దీన్ని ఆర్షవాక్యంగా స్వీకరించడమైనది.

ఇంతటి వాక్యానికి ఇన్నాళ్ళూ వ్యాఖ్య లేకపోవడం తెలుగుజాతికి చిన్నతనం. రఘువంశానికీ మేఘసందేశానికీ వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మనవాడే, మెదకు సీమలోని కొలిచెలమవాడు. అయితే ఆయన చూపు వంటింటి అలమర మీద పడలేదు. పడినా లాభం లేకపోయేది. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన పెట్టుకున్న నియమం. అక్కర్లేనిదంటూ ఏదీ లేదని చెప్పే మూలానికి ఆ నియమంతో వ్యాఖ్య రాయడం కుదిరే పని కాదు. కాబట్టి ఈ భారం నా మీద పడింది.

ప్రతిపదార్థం

ఒరేయ్ అబ్బాయ్ = ఇంట్లో ఉన్న ఏ మగప్రాణి అయినా. మామ్మ తాతయ్యతో నేరుగా మాట్లాడేది కాదు. ఆయనకు చెప్పవలసింది కూడా మనవణ్ణి పిలిచి చెప్పేది. కనుక ఈ సంబోధన అరుగుమీద పేపరు చదువుకుంటున్న తాతయ్యకు సైతం వర్తిస్తుందని కొందరి మతం. చదివిన పేపరు ఆయన ఎన్నడూ పారేసి ఎరుగడు కాబట్టి ఆ మతం బలంగానే ఉంది.

ఆ = చేయి దాటిపోతున్న. 'ఈ' అని ఉంటే ఇంకా చేతిలోనే ఉందని ధీమా.

హార్లిక్సు = జ్వరపడి లేచినవాళ్ళకూ, బాలింతలకూ, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళను చూడబోయే చుట్టాలకూ శరణ్యమైన పొడి. ఇంగ్లండు నుంచి అమెరికా వలసపోయిన జేమ్స్ హార్లిక్, విలియం హార్లిక్ అనే అన్నదమ్ములు, వేడినీళ్ళలో కలిపితే చాలు పానకమయ్యే మాల్టు పాలపొడికి 1883లో పేటెంటు పుచ్చుకున్నారు. మనదేశంలో 1960లో పంజాబులోని నాభాలో ఫ్యాక్టరీ పెట్టి గేదెపాలతో తయారు చేశారు. తర్వాత రాజమండ్రి పక్కన ధవళేశ్వరంలోనూ ఫ్యాక్టరీ వెలిసింది. ధవళేశ్వరం అనగానే చరిత్రకారులకు కాటన్ దొర ఆనకట్ట, 1852 గుర్తుకొస్తాయి. వంటింటి చరిత్రకారులకు గుర్తుకొచ్చేది వేరు. దొర కాలవల్లోకి వదిలింది నీళ్ళయితే, ఈ ఫ్యాక్టరీ అలమరల్లోకి వదిలింది సీసాలు. రోగి తాగేది పొడి, ఇంటికి మిగిలేది సీసా.

సీసా = గాజుది, దళసరిది, వెడల్పు మూతిది. ఆ మూతి వెడల్పులోనే దాని మహత్తు ఉంది. మందుసీసాలో చెంచా దూరదు, నూనెసీసాలో చెయ్యి దూరదు. ఇందులో పిల్లల చెయ్యి మణికట్టుదాకా దూరుతుంది (బెల్లం పాకం జీళ్ళు పోసినప్పుడు ఈ సౌకర్యమే దోషమని మామ్మ అభిప్రాయం). పైగా లోపలున్నది కందిపొడో కరివేపాకు పొడో మూత తీయకుండా తెలుస్తుంది. ఉప్పు మాత్రం పోయకూడదు, రేకుమూత తుప్పుపడుతుంది. ఉప్పుకూ ఊరగాయకూ జాడీ, దాని మూతికి వాసెన.

పారేయకురా = పారవేయవద్దు. 'రా' చేరడం వల్ల ఆజ్ఞలో కాస్త ముద్దు కలిసింది. పారేస్తే ముద్దు ఉపసంహరించబడుతుంది.

ఎందుకైనా = ఈ సూత్రానికి ఆయువుపట్టు. ఫలానాదానికి అని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పని తీరగానే సూత్రం చెల్లిపోయేది. ఏ పనికో కర్తకే తెలియదు, అయినా వస్తుందని తెలుసు.

పనికొస్తుంది = పనికి తనంతట వస్తుంది. మనం వెతుక్కుంటూ వెళ్ళనక్కర్లేదు. అటకమీద వెతికినప్పుడు దొరకదు కూడా.

తాత్పర్యం

అర్థం తేలికే. వస్తువుకు ఒక జన్మతో సరిపెట్టకు అని. మన మామ్మలు పునర్జన్మను మనుషుల విషయంలో ఏమేరకు నమ్మారో గాని, చీరల విషయంలో ప్రత్యక్షంగా చూపించారు. పెట్టెలో మడతపెట్టిన పట్టుచీర చిరుగు పట్టగానే, బాగున్న మేర కత్తిరించి మనవరాలికి పరికిణీ. నేతచీర మెత్తబడితే దూలానికి కట్టి పసివాడికి ఉయ్యాల. ఉయ్యాల దిగినవాడికి అదే బొంతలో ఒక మడత. బొంత చివికితే మసిగుడ్డ. మసిగుడ్డ నల్లబడితే వాకిట్లో కాళ్ళు తుడుచుకునే గుడ్డ. ఆ తర్వాతే మోక్షం.

బొంత దగ్గర వ్యాఖ్యాత కాసేపు ఆగక తప్పదు. వేసవి మధ్యాహ్నం, వంట సర్దేసి, వసారాలో చాప పరిచేవారు. చాపమీద పాత చీరలు నాలుగైదు వరసలు, ముడత లేకుండా అరచేత్తో రాస్తూ, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు చెంబులు. గట్టి చీర పైకీ కిందికీ, బాగా నలిగినవి మధ్యలోకి. పెద్ద సూదికి లావు దారం ఎక్కించి ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర, మధ్యలో ఊళ్ళో సంగతులు. కుట్లు దూరమైనచోట సంగతి రసవత్తరంగా నడిచిందని ఇప్పటికీ పోల్చుకోవచ్చు. కొనుక్కున్న దుప్పటి మొదటి రాత్రి గరగరలాడుతుంది, బొంత పుట్టడమే మెత్తగా పుడుతుంది, ఏళ్ళతరబడి ఉతుకులు ముందే తిన్నది కాబట్టి. ఎరుపంచుది పెద్దత్తయ్య పెళ్ళినాటి చీర, చుక్కలది అమ్మ పురిటినాటిది అని వేలుపెట్టి చెప్పుకుంటూ నిద్రపోయేవాళ్ళం. వంశవృక్షం పరుచుకుని పడుకున్నట్టు ఉండేది.

పొదుపంటే ఇదీ. దీన్ని పిసినారితనంతో కలిపి చూసేవాళ్ళు మూలం సరిగా చదవలేదు. పిసినారి సీసాను దాస్తాడు, లోపలిదాన్నీ దాస్తాడు. మామ్మ సీసానిండా మాగాయ పెట్టి పక్కింటికి పంపేది. సీసా వెనక్కి రావాలి, అది షరతు. కడిగి ఖాళీగా పంపకూడదు, అది మర్యాద. వాళ్ళు అందులో గుప్పెడు శనగలో, ఏమీ లేకపోతే నాలుగు పలుకుల పంచదారో వేసి పంపేవారు. ఇలా తిరిగి తిరిగి ఏ సీసా ఎవరిదో ఎవరికీ తెలియని స్థితి వచ్చేది. వేదాంతంలో ఈ స్థితికి పెద్ద పేరేదో ఉంది.

ఆక్షేప సమాధానాలు

పూర్వపక్షి ఇలా అంటాడు: అన్నీ దాస్తే ఇల్లు అటకై, అటక అడివై, ఆ అడివిలో తేళ్ళు చేరవా?

చేరతాయి. చేరాయి కూడా. అయినా తెలుగువాడు అటకను తక్కువచేసి మాట్లాడకూడదు. కడపలో బంగళా కొని, పండితులను జీతాలకు కుదిర్చి, ఊరూరి తాటాకుల ప్రతులు తెప్పించి సరిపోల్చిన సి.పి. బ్రౌను 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. ఆ తాటాకులు అప్పటిదాకా ఎవరి ఇళ్ళల్లో ఉన్నట్టు? ఎందుకైనా పనికొస్తుందని ఎవరో పారేయకపోతేనే కదా. నన్నెచోడుడి కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవి 1909లో వెలికితెచ్చేదాకా ఆ కవిని లోకం మరిచే ఉంది. తాళపత్రం మరవలేదు. కాగా, పూర్వపక్షి మా అటకమీద చూపించిన విరిగిన గొడుగు ఊచలూ, ముల్లులేని గడియారమూ ఏ కావ్యాన్నీ కాపాడలేదని ఒప్పుకోవలసిందే. ఇక్కడ ఆయనకొక మార్కు.

పూర్వపక్షి మళ్ళీ: పాత బట్టలు దాచడమెందుకు? వీధిలో 'పాత బట్టలకు స్టీలు గిన్నెలిస్తాం' అని కేక వినబడటం లేదా?

వినబడింది, ఇది బలమైన ఆక్షేపమే. ఆ బేరం చూసి తీరవలసిన శాస్త్రచర్చ. వచ్చినావిడ ప్యాంటును ఎండకెత్తి చిల్లులు లెక్కపెడుతుంది, చొక్కా కాలరు వేళ్ళతో తిరగేస్తుంది, పెదవి విరుస్తుంది. మామ్మ బేసిను వైపు చూస్తుంది, ఆవిడ గరిటె చూపిస్తుంది. 'జరీ చీర ఒక్కటెయ్యండమ్మా' అంటుంది. ఇద్దరూ రెండుసార్లు లేచిపోతారు. చివరికి మధ్యస్తంగా ఒక డబ్బా. ఇదీ సూత్రవిరుద్ధం కాదు. బట్ట పనికొచ్చింది కనుకనే డబ్బా వచ్చింది. అసలు విరుద్ధం మరొకటి జరిగింది. స్టీలు మోజులో ఇత్తడి గుండిగలూ కంచు గిన్నెలూ తూకానికి అమ్మేసిన ఇళ్ళవాళ్ళే ఇవాళ షోరూముకు వెళ్ళి, కొత్త ఇత్తడికి పాతరంగు పూసినది, ఎక్కువ డబ్బు పెట్టి కొంటున్నారు. దానికి వింటేజ్ అని పేరు. హైదరాబాదులో హోటళ్ళు వెడల్పు మూతి గాజు సీసాలో నిమ్మరసం పోసి, మెడకు పురికొస చుట్టి ఇస్తున్నాయి. మామ్మ చూసి ఉంటే ధర అడిగేది కాదు, తాగాక సీసా ఇస్తారా అని అడిగేది.

వాళ్ళను వెక్కిరించాలని లేదు. చేతిలో బరువు తగిలే వస్తువు మీద మనసు పోవడం మంచిదే. కాని పాతది కొంటే రాదు, కొత్తది పాతబడాలి. అందుకు కాస్త ఓపిక పట్టాలి, వాడుతూ ఉండాలి.

అధికారార్థం

'సీసా' ఉపలక్షణం. అంటే ఒకటి చెప్పి మిగతావన్నీ చెప్పినట్టు. పెరటికి అన్వయిస్తే: పుదీనా ఆకు దూసుకున్నాక కాడ పారేయకు, తడిమట్టిలో గుచ్చు, వేరు పడుతుంది. బచ్చలి ముదురు కాడా అంతే. ములగ అయితే కొమ్మ నరికి పాతితే చెట్టే. ధనియాలు అరచేత్తో రెండు బద్దలయ్యేలా నలిపి చల్లితే కొత్తిమీర, మెంతులు చల్లితే మెంతికూర. పోపులడబ్బాలో తోట ఉందని గ్రహించినవాడికి ఆ రోజు కూర ఎంత రుచిస్తుందో వేరే చెప్పాలా. బియ్యం కడిగిన నీళ్ళు గేదె కుడితికి, గేదె లేని ఇంట్లో పాదుకు.

మజ్జిగ పులిసింది, పారేయకు. మిరపకాయలకు గాటుపెట్టి, ఉప్పువేసిన ఆ పుల్లమజ్జిగలో నానేయి. పగలు తీసి డాబామీద ఎండలో, రాత్రి మళ్ళీ అదే మజ్జిగలోకి. మజ్జిగంతా కాయల్లోకి ఇగిరిపోయి, ఆకుపచ్చ తెల్లబడి, కాయ గలగలలాడేదాకా ఈ రాకపోకలు. వానాకాలం రాత్రి, కూరలేని పూట, ముద్దపప్పులోకి ఇవి నూనెలో వేగి ముదురు గోధుమరంగు తిరిగి వస్తాయి. చిటుక్కున కొరికితే మొదట ఉప్పు, వెంటనే పులుపు, కాస్త ఆగి కారం. ఆ క్రమం తప్పదు. ఇంత వైభవానికి మూలధనం, ఒలకబోయవలసిన మజ్జిగ.

పాఠభేదాలు

తెలంగాణ ప్రతుల్లో 'పారెయ్యకు బిడ్డా, ఎందుకన్న అక్కరకొస్తది' అని ఉంది. 'పని' బదులు 'అక్కర' అనడం వల్ల ఆపత్కాలం సూచితం. రాయలసీమ ప్రతుల్లో 'పారెయ్యాకు నాయనా, దేనికైనా పనికొస్తాది'. కరువుసీమ గనుక అక్కడ ఈ వాక్యం మరింత గట్టిగా పలుకుతారు.

అమెరికా పాఠంలో హార్లిక్సు స్థానంలో పెరుగుడబ్బా ఉంది. న్యూజెర్సీలో ఏ తెలుగువారి ఫ్రిజ్ తెరిచినా పెరుగుడబ్బాలు బారులు తీరి ఉంటాయి. ఒకదానిలో పప్పు, ఒకదానిలో దోసెలపిండి, ఒకదానిలో అల్లం వెల్లుల్లి ముద్ద. పెరుగు కావలసినవారు అన్నీ తెరవాలి. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు నిన్నటి డబ్బాను చెత్తలోంచి తీసి కడుగుతుండగా కోడలు 'అత్తయ్యా, అది రీసైక్లింగుకి' అన్నదట. 'నేను చేస్తున్నదీ అదే కదమ్మా' అని ఆవిడ సమాధానం. సంప్రదాయజ్ఞులు దీన్ని ప్రక్షిప్తం అంటారు. నాకు మాత్రం మూలకర్త చేవ్రాలే కనిపిస్తోంది.

అలంకారం

సీసా పారేయవద్దన్న విశేషాన్ని, ఏదైనా ఎందుకైనా పనికొస్తుందన్న సామాన్యంతో సమర్థించడం చేత అర్థాంతరన్యాసం. రసం, చారు.

గద్య

ఇది శ్రీమదటకాధిదేవతా కరుణాకటాక్షలబ్ధ నానావిధ రిక్తసీసాసంచయుండును, మూతలేని డబ్బాలకు డబ్బాలేని మూతలను అమర్చు యత్నంబున గతయౌవనుండును నగు వ్యాఖ్యాతచే రచియింపబడిన సీసాసూత్ర వ్యాఖ్యానంబునందు సర్వంబును ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసమున ప్లాస్టిక్ సంచిలో దాచిన ప్లాస్టిక్ సంచుల వృత్తాంతము.